చేపలు పడని జాగాల పటం

మా వంశానికి ఉన్న ఆస్తి కూర్చోవడం. మా తాత మగ్గం గుంటలో కాళ్లు దింపాడంటే, సూర్యుడే విసుగెత్తి గుట్ట దిగిపోయేవాడు గానీ ఆయన లేచేవాడు కాదట. మా నాయిన నూలుకు ముడులు కడుతూ కదలకుండా కూర్చుంటే, ఆయన భుజాన్ని దూలం అనుకుని ఒక పిచ్చుక గూడు పెట్టడానికి గడ్డిపోచలు మోసుకొచ్చిందని మా అవ్వ చెప్పేది. నల్లగొండ జిల్లాలో మా ఊరి మగ్గాల వాడ మొత్తం ఇట్లా కూర్చునే బతికింది. ఆ ఆస్తి పంపకాల్లో నాకు మాత్రం గజం కూడా రాలేదు. నేను జడ్చర్లలో బట్టల దుకాణం పెట్టుకుని బతుకుతున్నాను. గల్లా ముందు కూర్చున్న కాసేపటికే ఆ కుర్చీకి ముళ్లు మొలుస్తాయి. లేచి తాన్లు సర్దుతాను. సర్దిన తాన్లు తీసి మళ్లీ సర్దుతాను. షట్టర్ సగం దించి ఎత్తుతాను. వచ్చిన గిరాకీ "మూస్తున్నవా, తెరుస్తున్నవా అన్నా" అని అడిగి పక్క దుకాణానికి పోతుంది.

ఇలాంటి మనిషి గాలం వేసేవాళ్ల పత్రికకు సంపాదకుడయ్యాడంటే ఎవరూ నమ్మరు. గాలం వేయడమంటే కూర్చోవడమే గదా. నేను కూర్చోలేను గనక, కూర్చున్నవాళ్ల గురించి రాసే పని నెత్తికెత్తుకున్నాను.

తెలంగాణ వచ్చాక మా దిక్కు చెరువుల్లో పూడిక తీశారు. కాలువల నీళ్లు వచ్చాయి, మంచి వానలు కూడా పడ్డాయి. చిన్నప్పుడు మేం క్రికెట్ ఆడిన కుంటల్లో అలలు లేచాయి. నీళ్ల వెనక చేపలు, చేపల వెనక గాలాలు వచ్చాయి. టీచర్లు, కంపౌండర్లు, ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, అందరూ చెరువు సొసైటీ వాళ్లను బతిమాలి అనుమతి తెచ్చుకుని, ఆదివారం తెల్లారేసరికి కట్టల మీద కొంగలకు జాగా లేకుండా కూర్చునేవారు. వాళ్ల కోసం నేనూ మా బావా కలిసి ఇంటర్నెట్‌లో ఒక పత్రిక మొదలుపెట్టాం. పాఠకులు ఫోన్లలోంచి ఫొటోలు ఎక్కించేవారు, కింద నాలుగు మాటలు రాసేవారు. అంతే పత్రిక.

గాలం వేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. చేప ఎంతదో చెప్పొచ్చు. ఏ ఎరకు పడిందో చెప్పొచ్చు. ఇంటికి పోయాక పెండ్లాం ఏమని తిట్టిందో కూడా చెప్పొచ్చు. ఏడ పడిందో మాత్రం చెప్పకూడదు. అడిగినవాడికి జవాబివ్వకపోవడం మర్యాద కాదు గనక ఒక చెరువు పేరు చెప్పాలి. ఆ పేరుకూ ఆ చేపకూ ఏ సంబంధమూ ఉండకూడదు. ఎవరైనా "కోయిల్‌సాగర్‌ల పడ్డది" అని రాస్తే పాఠకులకు ఒక్కటే సంగతి ఖాయంగా తెలిసేది, అది కోయిల్‌సాగర్ కాదని. మా పత్రికలో చేపలన్నీ కోయిల్‌సాగర్‌లోనే పడేవి. ఆ లెక్కన అందులో నీళ్లకు జాగా ఉండొద్దు, చేపలే ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండాలి.

పత్రికకు మూలస్తంభం మా బావ, అంటే మా అక్క మొగుడు. షాద్‌నగర్‌లో ఆయనకు కాలిపోయిన మోటర్లకు, ఫ్యాన్లకు మళ్లీ తీగ చుట్టే దుకాణం ఉంది. ప్రతి సోమవారం ఆయన శీర్షిక వచ్చేది. ఫొటోలో ఒక తడి గోనెసంచి, సంచి మీద చేప, చేప పక్కన బావ కాలి చెప్పు. చేప ఎంత పొడుగో తెలియడానికి ఆ చెప్పు. కొన్నాళ్లకు మా పాఠకులు కిలోలు మానేసి చెప్పుల్లో కొలవడం మొదలుపెట్టారు. "అన్నా, నాకు చెప్పున్నర కొర్రమట్ట పడ్డది" అని దేవరకొండ నుంచి ఒకాయన గర్వంగా రాశాడు. ఆయన చెప్పు ఏ సైజని ఎవరూ అడగలేదు, అది కూడా మర్యాదే.

ఒక ఆదివారం బావ ఇంట్లో చేపల పులుసు తింటుంటే నాకు నిలవలేక పుట్టిన ఆలోచన ఇది. పత్రిక మొహం మార్చాలి. పాత మొహం నిజంగానే బాగుండేది కాదు. పైన ఎర్ర అక్షరాలు కుడి నుంచి ఎడమకు పాకుతూ పోయేవి. ఫొటో మీద వేలు పెడితే అది తెరుచుకునేలోపు చేప ముసలిదై పిల్లల్ని కనేది. మా అక్క బిడ్డ, అంటే నా మేనకోడలు, షాద్‌నగర్ నుంచి రోజూ కంపెనీ బస్సులో హైదరాబాద్ పోయి ఇలాంటి మొహాలు దిద్దే ఉద్యోగమే చేస్తుంది.

"కోడలా, మన పత్రికకు జర పౌడర్ రాస్తవా?" అన్నాను.

"పౌడర్‌తోని కాదు మామా, ఆపరేషన్ చెయ్యాలె," అంది ముల్లు తీసుకుంటూ.

చేసింది. శనివారం సాయంత్రం కొత్త పత్రిక తెరుచుకుంది. పచ్చటి రంగు, చక్కటి అక్షరాలు, కింద పాఠకుల అభిప్రాయానికి ఐదు స్టార్లు. "బొమ్మ మీద ఒత్తితె ఇంకో ముచ్చట ఉన్నది మామా, నువ్వే చూసుకో," అంది ఫోన్‌లో. నేను ఒత్తలేదు. పై పేజీలో ఉన్న నా సంపాదకీయమే చదువుతూ కూర్చున్నాను, కాదు, నిలబడ్డాను, నడిచాను. చదివిన ప్రతిసారీ ఇంకా బాగున్నట్టు అనిపించింది.

ఆదివారం మధ్యాహ్నానికి అభిప్రాయాలు రావడం మొదలైంది.

"పచ్చరంగు కండ్లల్ల గుచ్చుతాంది" అని మిర్యాలగూడ నుంచి. ఒక్క స్టార్. "అక్షరాలు చీమలోలె ఉన్నయి, చదువుతాంటె పాకుతున్నయి" అని వనపర్తి నుంచి. ఒక్క స్టార్. "పేజీ తెరిస్తె ఫోన్ కాలుతాంది, దాని మీద చాప ముక్కలు వేంపుకోవచ్చు" అని నాగర్‌కర్నూల్ నుంచి. ఆయన స్టార్ కూడా ఇవ్వలేదు. "మునుపటిదే పెట్టుండ్రి, మునుపటిది మా ఇంటోలె ఉండె" అని దేవరకొండ ఆయన రాశాడు.

గాలానికి కట్టిన బెండు మునిగిందా లేదా అని నీళ్లకేసి చూసేవాడిలా నేను ఫోన్‌కేసి చూడసాగాను. గిరాకీ జాకెట్ గుడ్డ మీటరు అడిగితే మూడు మీటర్లు చించాను. పచ్చరంగు తీసేసి నీలం పెట్టమన్నాను కోడలిని. పెట్టింది. "నీలం చూస్తె సర్ది అయితాంది" అని మిర్యాలగూడ. అక్షరాలు పెంచమన్నాను. పెంచింది. పేజీకి మూడు మాటలే పట్టేంత పెద్దవయ్యాయి, రోడ్డవతల నిలబడి కూడా చదవొచ్చు. "అక్షరాలు మొత్తుకుంటున్నయి" అని వనపర్తి. ఒకాయన ఏమీ తప్పు పట్టకుండా "ఫొటోలు మరీ సాఫ్ కనవడ్తున్నయి, జర మసకగ పెట్టరాదుండ్రి" అని రాశాడు. ప్రపంచంలో ఏ పత్రికకైనా ఫొటోలు మసకబార్చమని అర్జీ వచ్చి ఉంటుందా?

అన్నిటికన్నా నన్ను గల్లా ముందు కూర్చోనివ్వని సంగతి వేరే. కొత్త ఫొటోలు రావడం ఆగిపోయింది. ఒక్క చేప లేదు. పత్రిక అడుగు కనబడే కుంటలా ఎండింది. సోమవారం బావ శీర్షిక కూడా రాలేదు. ఫోన్ చేశాను.

"చెయ్యి నొస్తాంది బామ్మర్ది," అన్నాడు.

"ఏ చెయ్యి?"

కాసేపు ఆలోచించుకున్నాడు. "రెండు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గా బొమ్మ మీద ఒత్తితె ఇంకో పేజీ తెరుసుకుంటాంది. అది అవుసరమా?" అన్నాడు.

"పేజీ స్పీడు తగ్గుతున్నదా బావా?"

"తగ్గుతాంది, తగ్గుతాంది. అది తీసెయ్యి."

నేను దాన్ని స్పీడు సంగతిగానే రాసుకున్నాను. పాఠకుడు చెప్పిందల్లా నమ్మడం సంపాదకుడి జబ్బు.

ఆ వారం మధ్యలో కోడలు ఆఫీసుకు సెలవు పెట్టి ల్యాప్‌టాప్‌తో నా దుకాణానికి వచ్చింది. కండ్ల కింద నల్లటి చారలు. "రంగుల ఫికర్ తర్వాత మామా. పటం చెడిపోయింది," అంది.

"ఏం పటం?"

నావైపు చూసింది. "నువ్వింక బొమ్మ మీద ఒత్తనే లేదా?"

అప్పుడు ఒత్తాను. సంగతి ఇది. ఫోన్‌తో ఫొటో దింపితే, ఏ జాగాలో దింపామో ఆ లెక్క కూడా, చేప కడుపులో గుడ్ల జెన ఉన్నట్టు, ఆ ఫొటో కడుపులో ఉంటుందట. మా పాఠకులు ఏళ్ల తరబడి పంపిన ఫొటోల కడుపులు కోసి, కోడలు ఆ జాగాలన్నీ తీసి ఒక పటం మీద ఎర్ర చుక్కలుగా పెట్టింది. ఏ చేప మీద ఒత్తినా అది పడ్డ జాగాలో చుక్క మెరుస్తుంది. జాగా చెప్పకపోవడమే మతంగా బతికే వేలమందికి నేను నా చేతులతో పటం గీయించి పంచిపెట్టాను. ఊళ్లో దొంగలందరికీ మెడలో గంటలు కట్టిన కొత్వాలు కూడా నాకన్నా మర్యాదస్తుడే.

కోయిల్‌సాగర్ మీద ఒక్క చుక్క లేదు. ఆలంపూర్ పక్కన తుంగభద్ర ఒడ్డున ఒక గుంపు ఉంది. అవన్నీ ఒకాయనవే. ఆయన నెలనెలా జోగులాంబ దర్శనానికి పోతాడని నాకు తెలుసు, ఆయన భక్తిని ఆయన భార్య ముందే మెచ్చుకున్నాను. ఇవి పోను, మిగతా చుక్కల్లో చాలా వరకు అసలు నీళ్ల మీదే లేవు. నల్లగొండ పట్నం నడుమ ఒక గుంపు, మహబూబ్‌నగర్ నడుమ ఒక గుంపు, ఇంకో పెద్ద గుంపు మా జడ్చర్లలో, ఒక రేకుల కప్పు మీద.

"చూసినవా?" అంది కోడలు. "చెర్వులల్ల పడాల్సిన చుక్కలు బజార్లల్ల పడ్తున్నయి. మా బాపుయి అయితె అన్ని ఒక్కకాన్నే పడ్డయి, గీ రేకుల మీద. ఏదో బగ్ ఉన్నది మామా. రోజూ ఎతుకుతున్న, దొరుకుత లేదు."

ఆ రేకుల కప్పు నా దుకాణానికి రెండు సందుల అవతల ఉంటుంది. పైనుంచి చూసే ఉపగ్రహానికి రేకులే కనబడతాయి. కింద నడిచే నాకు దాని వాసన తెలుసు. అది చేపల మార్కెట్.

ఏళ్లుగా బావ ఇంట్లో తిన్న పులుసులన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"ఫోన్లదే తప్పు అంటవా?" అన్నాను మెల్లగా.

"మరి? ఇంతమంది పెద్దమనుషులు అబద్ధమాడరు గద."

మనిషిని, యంత్రాన్ని ఎదురెదురుగా నిలబెడితే యంత్రమే అబద్ధమాడుతోందని తీర్పు చెప్పే పిల్లను నేను అప్పుడే చూశాను. అదీ యంత్రాల మీదే బతికే పిల్ల. చుక్కలన్నీ కూడబలుక్కుని బజారుకు పోతున్నాయి గనక తప్పు ఒక్కరిది కాదు, యంత్రానిదే అని ఆమె లెక్క. లెక్క చక్కగానే ఉంది, మా పాఠకులే లెక్కకు అందని మనుషులు.

"ఈ పటం ఎందుకు పెట్టినవు బిడ్డా, ఎవలడిగిండ్రు?" అన్నాను.

"బాపు కోసమే. ఆదివారం ఆయన పొద్దుగాల్నే పోతడు, నేను పండుకోని ఉంటా. ఆయన వచ్చేటాల్లకు నేను బట్టలు పిండుకుంటుంటా. ఆయన కూసునే చెర్వు ఎట్లుంటదో నేను ఒక్కసారన్న చూడలే. కనీసం పటంలనన్న చూద్దామని." ల్యాప్‌టాప్ మూసింది. "వచ్చే ఆదివారం ఆయన ఎంబడి పోతున్న. ఆయన ఫోన్‌తోనే, చాప పడంగనే ఫొటో దింపి, చుక్క ఏడ పడ్తదో చూస్తా. అప్పుడు ఎట్ల దొరకదో చూస్త బగ్."

ఆమె అటు పోగానే నేను షట్టర్ దించాను, ఈసారి పూర్తిగా. షాద్‌నగర్ బస్సు ఎక్కి, ముందు సీట్లో కూర్చుని, వెనక సీటుకు మారి, మళ్లీ ముందుకు వచ్చాను. కండక్టర్ ముగ్గురు ప్రయాణికులు అనుకుని ఉంటాడు.

బావ దుకాణంలో కింద చాప మీద కూర్చుని, ఒక మోటర్ కడుపులో రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి తీగ ఆపలేదు.

"ఒత్తినవా బొమ్మ మీద?" అన్నాడు.

"ఒత్తిన."

"ఇంక తీస్తవా మరి, దాన్ని?"

"తీసుడు కాదు బావా. నీ బిడ్డ అది బగ్ అనుకుంటాంది. నిద్ర లేకుంట ఎతుకుతాంది. ఆదివారం నీ ఎంబడి వస్తదట, చాప పడ్డంక ఫొటో దింపుతదట."

తీగ ఆగింది. అంత గట్టిగా తిరిగే చేతులు ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను పోకుంట ఏం లేను," అన్నాడు చివరికి. "ప్రతి ఆదివారం పోతున్న. నీళ్లు తక్కువ ఉన్నప్పుడు చాపలన్ని ఒక్క మడుగులకు వచ్చేటియి, పడేటియి. నీళ్లు నిండినంక వాటికి జాగా దొరికింది. నా గాలం కాడికే రావాల్నని రాసి ఉన్నదా? గప్పట్నుంచి ఒక్కటి పడలే. సోమారం పొద్దుగాల నువ్వు ఫోన్ జేస్తవు, 'బావా, ఈ వారం ఎన్ని చెప్పులది' అని. ఏం చెప్పాలె?"

"లేదని చెప్పాలె."

"లేదంటె నువ్వు అచ్చేస్తవా?"

అచ్చేసి ఉండేవాణ్ని కాదు. అందుకే మాట మార్చి, మార్కెట్‌లో తొట్లలో బతికున్న కొర్రమట్టలు అమ్ముతారు గదా, ఒకటి తెచ్చి సంచిలో నీళ్లు పోసి దాచి, కోడలు అటు తిరిగినప్పుడు గాలానికి గుచ్చేద్దామని సలహా ఇచ్చాను. నా బతుకులో నేనిచ్చిన సలహాల్లో ఇది మధ్యరకం.

అప్పుడే మా అక్క చాయ తెచ్చింది. వెనక ఇంట్లోంచి అంతా విన్నట్టుంది. గ్లాసులు కింద పెట్టి నడుం మీద చేయి పెట్టుకుంది.

"కొనుడు కొంటడు, మంచిదన్న కొంటడా?" అంది నాతో. "మెత్తవడ్డయి తెస్తడు. చెవుల కింద ఎర్రగున్నదా చూడరాదు, కండ్లు చూడరాదు. మార్కెట్లకెల్లి తెచ్చిన అని ఒక్కమాటంటె వాపసు పంపుదు. గాలానికి పడ్డదంటె ఎవలకు వాపసియ్యాలె, చెర్వుకా?"

బావ మళ్లీ తీగ అందుకున్నాడు. కొర్రమట్ట సంగతి తేలకుండానే నేను బస్సెక్కాను.

ఆదివారం తెల్లారక ముందే జడ్చర్ల అవతల కలుసుకున్నాం. బావ బండి మీద వెనక కోడలు, ఆమె ఒళ్లో గోనెసంచి. సంచి బరువుగా ఉంది. నా కండ్లు దాని మీదనే ఉన్నాయి. అది ఒకసారి కదిలిందని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను.

రెండు రాళ్లగుట్టల నడుమ చిన్న కుంట. ఒడ్డంతా సీతాఫలం పొదలు, అవతల తుమ్మలు. పేరు కూడా లేదు దానికి, ఊరివాళ్లు కుంట అనే అంటారు. నీళ్ల పక్కన ఒక బండ, ఒక మనిషి కూర్చున్నంత మేర అరిగి నున్నగా మెరుస్తోంది. బావ ఆ మెరుపులో సరిగ్గా కూర్చున్నాడు, చెప్పులు విడిచి పక్కన పెట్టాడు, గాలం వేశాడు. సంచి ముడి విప్పలేదు.

కోడలు ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని పక్కన కూర్చుంది. నేను కూర్చున్నాను, లేచాను, బండ మారాను, తుమ్మల దాకా పోయి వచ్చాను, నీళ్లలో రాయి వేయబోతే ఇద్దరూ ఒకేసారి చూశారు, జేబులో వేసుకున్నాను. పొద్దు గుట్టెక్కింది. బెండు నీళ్ల మీద మేకు కొట్టినట్టు ఉంది. ఒక తూనీగ వచ్చి దాని మీద వాలింది, ఇక్కడ ఏమీ జరగదని దానికి కూడా తెలిసిపోయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. కోడలు ఫోన్ అరిగేలా తుడుస్తోంది. బావ చేయి సంచి మీదికి పోయింది.

ముడి విప్పాడు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు డబ్బా, నీళ్ల సీసాలు. అంతే.

రొట్టె తుంచి కోడలికిచ్చాడు. "బగ్ లేదు బిడ్డా," అన్నాడు.

"ఉన్నది బాపు. ఒక్క చాప పడనియ్యి."

"చుక్క సక్కగనే పడ్డది. నేనే ఆడ ఉన్న. ఇంటికి పోయేటప్పుడు మార్కెట్ల ఆగి కొని, ఆడనే చెప్పు పక్కన పెట్టి ఫొటో దింపుకునేటోన్ని."

ఆమె రొట్టె డబ్బా మీద పెట్టింది. తర్వాత లేచి అలుగు దాకా నడిచి పోయింది. వెనక్కి వచ్చేదాకా బావ నీళ్లకేసి చూడలేదు, బెండుకేసి చూడలేదు, ఆమె నడుస్తున్న గట్టుకేసే చూశాడు. నాకు నాలుక దురద పెట్టింది గానీ, జీవితంలో మొదటిసారి కదలకుండా కూర్చున్నాను. మా తాత చూసి ఉంటే పంపకాలు తిరగరాసేవాడు.

"ఇన్నొద్దులు నన్ను బగ్ ఎతుక్కొమ్మని ఊకున్నవు గద," అంది వచ్చి.

"నా బిడ్డ ఉపగ్రహాన్ని నమ్ముత లేదు, నన్ను నమ్ముతాంది అనుకున్న. కుశీ అయింది. గందుకే నోరు రాలే."

ఆమె కూర్చుంది. "పొద్దంత ఈడనే కూసుంటవా?" అని అడిగింది.

"ఈడనే."

"ఏం పడకున్నా?"

"ఏం పడకున్నా."

"ఎందుకు?"

"మంచిగుంటది."

ఆమె కుంటను చూసింది. నేనూ చూశాను. గుట్ట నీడ నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉంది, తూనీగ ఇంకా బెండు మీదే ఉంది. నిజంగానే బాగుంది. ఇంత సేపూ నేను చూడనే లేదు.

"మరి గదే రాయకపోతివి?" అంది.

"గది ఎవలు చదువుతరు బిడ్డా?"

ఆమె లేచింది. ఖాళీ గోనెసంచిని తడిపి బండ మీద పరిచింది. "చెప్పు పెట్టు బాపు," అంది. బావ చెప్పు తీసి సంచి మీద పెట్టాడు. పక్కన చేప లేదు. ఫొటో దింపింది, పత్రికలో ఎక్కించమని ఫోన్ నా చేతిలో పెట్టింది. సిగ్నల్ కోసం గుట్ట మీదికి నన్ను తరిమింది, అదొక్కటే ఆ రోజు నాకు నచ్చిన పని. పైనుంచి పటం తెరిచి చూస్తే, పేరులేని కుంట ఒడ్డున ఎర్ర చుక్క ఒకటి మెరుస్తోంది. బావ ఫొటోల్లో నీళ్ల పక్కన పడ్డ మొదటి చుక్క అది.

ఫొటో కింద బావ రాయించిన మాటలు ఇవి: "ఇయ్యాల ఏం పడలే. పోయిన వారం గూడ పడలే. జాగా మంచిగున్నది."

పాత చుక్కల సంగతి కోడలే చూసుకుంది. అన్నీ తుడిచేసి, పత్రిక పైన ఒక ప్రకటన పెట్టింది. సాంకేతిక లోపం వల్ల పటంలో చుక్కలు తప్పుడు జాగాల్లో పడ్డాయని, పాఠకులకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామని. గాలం వేసేవాళ్ల కట్టుబాటు ఆ పిల్లకు ఒక్కరోజులోనే వచ్చేసింది. సాయంత్రానికి స్టార్లు కురిశాయి. "రంగు మస్తుగున్నది" అని మిర్యాలగూడ, రంగు అదే నీలం. "అక్షరాలు ఇప్పుడు సక్కగ చదువొస్తున్నయి" అని వనపర్తి, పేజీకి అవే మూడు మాటలు. నాగర్‌కర్నూల్ ఫోన్ చల్లబడింది. ఆలంపూర్ భక్తుడు ఐదు స్టార్లిచ్చి, జోగులాంబ చల్లగా చూడాలని దీవించాడు.

కొత్త శీర్షిక పేరు "ఏడ పడలే". పడ్డ జాగా దాచాలి గానీ, పడని జాగా దాచాల్సిన పని ఎవరికీ లేదు. ఒక్కొక్కరూ ఖాళీ సంచులు, ఖాళీ బకెట్లు, పక్కన చెప్పులు పెట్టి ఫొటోలు పంపసాగారు. పటం మళ్లీ ఎర్రబడింది. ఈసారి ఒక్క చుక్క కూడా రేకుల కప్పు మీద లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చేపలు పడని జాగాల మీద అంత నిజాయితీ గల పటం సర్కారు దగ్గర కూడా ఉండదు. మా పత్రికలో అచ్చయిన మొట్టమొదటి నిజాలు అవే అని నేను సంపాదకీయంలో రాసుకుని, నాలుగైదుసార్లు చదువుకున్నాను.

మరుసటి ఆదివారం కోడలు బట్టలు పిండుకోవడం శనివారానికి జరిపి, బావతో బయలుదేరింది. నేనూ పోయాను. గట్టు ఎక్కేసరికి అక్కడ తిరనాళ్లు. సీతాఫలం పొద పొదకు ఒక గాలం గెడ. బావ అరగదీసిన బండ మీద, సరిగ్గా ఆ మెరుపులో, ఎర్ర తువ్వాల నెత్తికి చుట్టిన మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. నల్లగొండ అవతలి నుంచి రాత్రి బస్సుకు వచ్చాడట.

బావ ఆయన పక్కన కూర్చున్నాడు. "అన్నా, ఈడ చాపలు పడవట గద," అన్నాడు.

"పడవట," అన్నాడు ఆయన బెండు మీంచి కన్ను తీయకుండా. "పత్రికల గా పెద్దమనిషే రాసిండు. గంత గనం రాసిండంటె ఊకెనే రాస్తడా? గందుకే వచ్చిన."

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడే, ఏళ్లుగా మేకు కొట్టినట్టున్న ఆ నీళ్లలో, ఆయన బెండు బుడుంగున మునిగింది. తీశాడు. కొర్రమట్ట, నల్లగా, తోక కొడుతూ, తక్కువలో తక్కువ రెండు చెప్పులది.

చుట్టూ పొదలన్నీ లేచి నిలబడ్డాయి. ఆయన చేపను సంచి మీద పరిచి, కాలి చెప్పు తీసి పక్కన పెట్టి, నేనెవరో తెలియక, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఒక ఫొటో దింపన్నా. జర లొకేషన్ బంద్ చేసి దింపు."

దింపాను. సాయంత్రానికి అది పత్రికలోకి వచ్చింది, కోయిల్‌సాగర్‌ల పడ్డదట. బావ అప్పటికి కుంట అవతల, తుమ్మల కింద ఇంకో బండ చూసుకుని కూర్చున్నాడు. అది ఇంకా గరుకుగా ఉంది. పక్కన కోడలు ఫోన్ తీసింది.

"ఏం రాయాలె బాపు?"

"ఇయ్యాల గూడ పడలే అని రాయి," అన్నాడు. అవతలి ఒడ్డున ఉన్న గెడలను చూశాడు. "జాగా మాత్రం చెప్పకు."